గెలిచినవాళ్ళే ముందు పలకరించాలి



ముప్ఫై అయిదేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి, పదవీ విరమణ చేసి, జాలరిపేటలో సముద్రపు హోరు వింటూ కాలక్షేపం చేస్తున్న ఒక తెలుగు పండితుడు అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ గురించి వ్రాయబూనడం మీలో కొందరికి వింతగా తోచవచ్చు. వ్రాస్తున్న నాకే వింతగా ఉంది. అయితే మా ఇంటి వ్యవహారం ఒకటి ఆ ఆటతో ముడిపడిపోయింది. ఇంటి సంగతి చెప్పాలంటే ఆట సంగతి చెప్పక తప్పదు. కాస్త ఓపిక పట్టండి.

మా పెద్దవాడు 2006లో పైచదువుకని ఒహాయో రాష్ట్రపు కొలంబస్ నగరానికి, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. వెళ్ళిన రెండు మూడు నెలలకే, ఆ నవంబరు 18న, వాళ్ళకూ మిషిగన్ విశ్వవిద్యాలయానికీ ఆట జరిగింది. దేశం మొత్తంమీద ఒకటో స్థానంలో ఉన్న జట్టు వీళ్ళది, రెండో స్థానంలో ఉన్నది వాళ్ళది. మిషిగన్ జట్టును ఇరవై ఒక్క సీజన్లు నడిపిన పాత శిక్షకుడు బో షెంబెక్లర్ సరిగ్గా ముందురోజే కన్నుమూశాడు. ఒహాయో 42–39తో గెలిచింది. ఆ రాత్రి మావాడు ఫోనులో మాట్లాడిన తీరు చూసి, వీడికి ఏదో పూనకం వచ్చిందనుకున్నాం.

2009లో అమ్మాయి ప్రజారోగ్యం చదవడానికి వెళ్ళింది. ఎక్కడికనుకున్నారు? ఆన్ ఆర్బర్‌లోని ఆ మిషిగన్ విశ్వవిద్యాలయానికే. కొలంబస్ నుంచి కారులో మూడు గంటల దూరం. అన్నాచెల్లెళ్ళిద్దరూ దగ్గరగా ఉంటారని మేము సంతోషించాం. దగ్గరలోనే శత్రుశిబిరాలుంటాయని మాకప్పుడు తెలియదు.

మొదటి ఏడాదే ఇద్దరూ ఫోనులో ఒకరినొకరు దెప్పుకోవడం విని మా ఇంటావిడ ఒక శాసనం చేసింది. ఆట ముగిసిన తరువాత గెలిచినవాళ్ళే ఓడినవాళ్ళను ముందు పలకరించాలి. మొదటి మాట "తిన్నావా" అని ఉండాలి. ఆట సంగతి ఆ తరువాతే. ఎందుకమ్మా ఈ నియమం అని పిల్లలడిగితే, "ఓడినవాళ్ళకు ఆకలి తెలియదు, ఎవరో ఒకరు అడగాలి" అన్నది. ఆవిడకు బంతి గుండ్రంగా ఉంటుందో కోలగా ఉంటుందో కూడా తెలియదు.

2011లో మిషిగన్ 40–34తో గెలిచినప్పుడు అమ్మాయి అన్నయ్యకు ఫోను చేసి "తిన్నావా" అని అడిగి, వెంటనే పకపకా నవ్వేసిందట. ఆ తరువాత 2012 నుంచి 2019 దాకా వరుసగా ఎనిమిదిసార్లూ ఒహాయోదే గెలుపు. ఎనిమిదేళ్ళూ మావాడే పిలిచాడు. 2020లో కోవిడ్ వల్ల ఆట రద్దయింది. ఎవరూ గెలవలేదు గనుక ఎవరు పిలవాలో తేలక, ఇద్దరూ ఒకేసారి ప్రయత్నించి ఇద్దరికీ లైను దొరకలేదు. 2021లో 42–27తోనూ, 2022లో 45–23తోనూ మిషిగన్ గెలిచింది. ఆ రెండేళ్ళూ అమ్మాయి పిలిచింది.

2023 మార్చిలో మా ఇంటావిడ వెళ్ళిపోయింది.

ఆవిడ మంచాన పడినప్పుడు అమ్మాయి వచ్చి రెండు నెలలు కనిపెట్టుకుని ఉంది. అన్నయ్య వస్తానన్న ప్రతిసారీ "నేనున్నానుగా, అప్పుడే రానక్కరలేదు" అన్నది. వాడు ఆ మాట నమ్మి ఆగాడు. చివరికి బయలుదేరి వచ్చేసరికి తల్లి లేదు. పదమూడో రోజున, భోక్తలు లేచి వెళ్ళాక, "రెండు నెలల్లో ఒక్కసారి రావడానికి నీకు తీరిక లేకపోయిందా" అని ఆమె, "రావద్దన్నది నువ్వు కాదా" అని వాడు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరూ నిజమే చెబుతున్నప్పుడు తగవు తీర్చడం ఎవరి తరమూ కాదు. ఆ నవంబరులో మిషిగన్ 30–24తో మళ్ళీ గెలిచింది. అమ్మాయి పిలవలేదు. ఆ రాత్రి నేను ఇక్కడ మేలుకుని ఉన్నాను. తెల్లవారిన తరువాత ఇద్దరూ విడివిడిగా నాకు ఫోను చేశారు. ఒకరి మాట ఒకరు ఎత్తలేదు.

2024 అక్టోబరులో నేను అమెరికా వెళ్ళాను. ముందు కొడుకు దగ్గర రెండు నెలలు, తరువాత కూతురి దగ్గర రెండు నెలలు అని ఏర్పాటు. కొలంబస్‌లో నా మనవడికి అప్పటికి పదేళ్ళు. వాడికీ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. రోజుకొక గంట నేను వాడికి తెలుగు చెప్పాలి, ఒక గంట వాడు నాకు ఫుట్‌బాల్ చెప్పాలి.

కాలితో తన్నడం అరుదుగా ఉండే ఆ ఆటకు కాలిబంతి అనే పేరెందుకు వచ్చిందో వాడు కూడా చెప్పలేకపోయాడు. సంగ్రహంగా చెబుతాను. అటు పదకొండుమంది, ఇటు పదకొండుమంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు విడతలు ఇస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరగగలిగితే మళ్ళీ నాలుగు విడతలు. లేకపోతే బంతి ఎదుటివారిది. అవతలి గట్టు చేరితే ఆరు పాయింట్లు, ఆపైన ఒక తన్ను తన్ని ఇంకొకటి. గట్టు చేరలేమనిపిస్తే దూరం నుంచే స్తంభాల మధ్యకు బంతిని తన్నవచ్చు, దానికి మూడు. మన చెడుగుడుకు ఒక బంతినీ, శిరస్త్రాణాలనూ తగిలించి, కూతను మాత్రం ప్రేక్షకులకు అప్పగిస్తే ఈ ఆట అవుతుంది.

నా స్వభావం కొద్దీ కొన్ని పదాలకు తెలుగు కూర్చాను. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతిని అందుకుని ఎవరికి ఇవ్వాలో, ఎవరికి విసరాలో నిర్ణయించేవాడు, వాడికి సూత్రధారి అని పేరు పెట్టాను. అతడి ముందు నిలిచే అయిదుగురు భారీకాయులు కోటగోడ. విసిరిన బంతిని ఎదుటివాడు తన్నుకుపోతే దారిదోపిడి. ఇంతవరకూ మనవడు మెచ్చుకున్నాడు. టచ్‌డౌన్‌ను గమ్యస్పర్శ అన్నప్పుడు మాత్రం సోఫా మీద దొర్లి దొర్లి నవ్వాడు. అది వదిలేశాను.

ఈ రెండు రాష్ట్రాల వైరం ఆటకంటే పాతది. 1835లో టొలీడో అనే ఊరున్న కొద్దిపాటి భూమికోసం ఒహాయో, మిషిగన్ సాయుధ దళాలను పోగుచేసి ఎదురెదురుగా నిలబెట్టుకున్నాయి. చివరకు టొలీడో ఒహాయోకు దక్కింది. మిషిగన్‌కు బదులుగా ఉత్తరాన పెద్ద ద్వీపకల్పమిచ్చి, 1837లో రాష్ట్రంగా చేర్చుకున్నారు. ఎవరికీ అక్కరలేదనుకున్న ఆ నేలలో తరువాత రాగీ ఇనుమూ బయటపడ్డాయి. బైలడిల్లా ఇనుప రాయి మన రేవు నుంచి ఓడలకెక్కడం చూస్తూ పెరిగినవాడిని గనుక, ఆ బేరంలో ఎవరు లాభపడ్డారో నాకు వేరే చెప్పనక్కరలేదు. 1897లో మొదటి ఆట జరిగింది. కొలంబస్‌లో ఆట వారం వస్తే విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఫలకాల మీద ఆంగ్ల 'ఎం' అక్షరాన్ని ఎర్రపట్టీలతో కొట్టివేస్తారు. మిషిగన్ పేరు పలకరు, 'ఆ పైనున్న జట్టు' అంటారు. మగని పేరు నోటితో చెప్పని మన పాతకాలపు ఇల్లాళ్ళు గుర్తొచ్చి నవ్వుకున్నాను. అక్కడ కారణం గౌరవం, ఇక్కడ పగ.

నవంబరు 30 శనివారం ఆట. ఆ వారం మనవడు నా చేత ఒక పని చేయించాడు. ఎవరి ఎదుట ఎవరు నిలుస్తారో, ఏ జతలో ఎవరిది పైచేయి అవుతుందో ముందుగా వ్రాయాలట. అక్కడి పత్రికల నిండా అవే వ్రాతలు. ఈ ప్రక్రియ నాకు కొత్త కాదు. ఉద్యోగపర్వంలో యుద్ధానికి ముందు దుర్యోధనుడు అడిగితే భీష్ముడు చేసినదిదే. ఇరుపక్షాల వీరులనూ పేరుపేరునా ఎంచి, వీడు రథి, వీడు అతిరథుడు అని లెక్క చెబుతాడు. కర్ణుణ్ణి అర్ధరథుడని అనేసరికి అతడు అలిగి, నువ్వుండగా యుద్ధం చెయ్యనంటాడు. ముందస్తు లెక్కలు ఎవరి మనసునైనా నొప్పించక మానవు. ఆ జాగ్రత్త మనసులో ఉంచుకుని నోటుపుస్తకం తెరిచాను.

మీకు ఒక రహస్యం చెప్పాలి. నేను నిష్పక్షపాతిని కాను. ఒహాయో గెలవాలని నా కోరిక. గెలిస్తే నియమం ప్రకారం పిలవవలసినవాడు మా అబ్బాయి. ఎనిమిదేళ్ళు పిలిచిన అలవాటున్నవాడు, మెత్తనివాడు. అమ్మాయిది తల్లి పట్టుదల. ఆమె గెలిస్తే 2023 మళ్ళీ వస్తుంది. లోకమంతా కూడా నా కోరికకే వత్తాసు పలుకుతోంది. ఒహాయో అప్పటికి పది గెలిచి ఒకటే ఓడింది. అంతకుముందు సీజనుకు జాతీయ విజేత అయిన మిషిగన్, శిక్షకుడు జిమ్ హార్బా వెళ్ళిపోయి షెరోన్ మూర్ వచ్చాక, ఆరు గెలిచి అయిదు ఓడి ఉంది. ఒహాయో ఇరవై పాయింట్ల దాకా తేడాతో గెలుస్తుందని పందెగాళ్ళ అంచనా.

నా పుస్తకంలో వ్రాసుకున్న జతలు ఇవి.

మొదటిది, విసిరిన బంతిని అందుకునేవారికీ వారిని కాచేవారికీ నడుమ. ఒహాయోకు జెరెమయా స్మిత్ అని మొదటి సంవత్సరం కుర్రవాడున్నాడు. డేగ చేపను తన్నుకుపోయినట్లు గాలిలోనే బంతిని అందుకుంటాడు. ఎమెకా ఎగ్బూకా అతడికి జోడు. మిషిగన్‌లో వారిని కాయగలిగిన విల్ జాన్సన్ గాయంతో ఆటకు దూరం. ఇది సందేహం లేకుండా ఒహాయోది.

రెండవది, సూత్రధారులు. ఒహాయో సూత్రధారి విల్ హోవర్డ్ అనుభవశాలి. మిషిగన్ సూత్రధారి డేవిస్ వారెన్ బడిలో ఉండగానే, 2019లో, రక్త క్యాన్సరు బారినపడి, బయటపడి, ఉపకారవేతనం లేకుండా జట్టులోకి వచ్చినవాడు. నా మనసు అతడి వైపు మొగ్గింది. లెక్క మాత్రం హోవర్డ్ వైపే.

మూడవది, బంతి పట్టుకుని పరుగెత్తే మిషిగన్ వీరుడు కేలెల్ మల్లింగ్స్‌కూ, అతణ్ణి ఆపవలసిన జాక్ సాయర్ బృందానికీ నడుమ. సాయర్ కొలంబస్ పక్క ఊరివాడే. సమానమని వ్రాశాను.

నాలుగవది తన్నేవాళ్ళు. మిషిగన్ తరఫున డొమినిక్ జ్వాడా యాభై గజాల పైనుంచి కూడా గురి తప్పడు. ఇది మిషిగన్‌ది.

అయిదవది నడిమధ్యన జరిగే తోపులాట. మిషిగన్ రక్షణలో మధ్యన నిలిచేవారు మేసన్ గ్రాహం, కెనెత్ గ్రాంట్, ఇద్దరూ కొండల్లాంటివారు. ఒహాయో కోటగోడ అప్పటికే బీటలు వారింది. ఎడమ అంచున నిలిచే జాష్ సిమన్స్ అక్టోబరులో ఆరిగన్‌తో ఆటలో మోకాలు పోగొట్టుకున్నాడు. నట్టనడుమ ఉండే సెత్ మక్‌లాఫ్లిన్‌కు నవంబరు నెలలోనే మడమ నరం తెగింది. ఉన్నవారిని ఇటూ అటూ జరిపి గోడకు అతుకు వేశారు. ఇక్కడ ఏమి వ్రాయాలో తెలియక చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. చివరకు "పెద్ద సంగతి కాదు" అని వ్రాశాను. వ్రాసిన మాట నిజం కాదని నాకు తెలుసు. నా కోరిక నా చేత వ్రాయించింది.

ముందురోజు రాత్రి జాలరిపేట నుంచి నా పాత శిష్యుడొకడు వీడియోలో పిలిచాడు. ఇక్కడ అప్పుడు తెల్లవారు జాము, ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. చదువు ఎనిమిదితో ఆపేసినా నన్ను మరువనివాడు. ఏం చేస్తున్నారని అడిగితే ఈ లెక్కంతా చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "అంతా బాగుంది గానీ మేష్టారూ, సేప ఎంతుంటే ఏటండీ, వల నడుమ సిరిగిపోతే?" అన్నాడు.

వాడు పెద్దవల లాగే కుటుంబంలో పుట్టినవాడు. రెండు తాళ్ళు పట్టుకుని రెండు వరుసల మనుషులు ఇసుకలో మడమలు దిగేసి గంటల తరబడి వెనక్కు నడుస్తారు. చూడవచ్చిన జనం కళ్ళన్నీ చేపలు పడే సంచి మీదే ఉంటాయి. వాడి కళ్ళు మాత్రం మడమల మీద ఉంటాయి. నేను నోటుపుస్తకం మళ్ళీ తెరిచి, అయిదవ జత దగ్గర వ్రాసినదాన్ని కొట్టేసి, "మిషిగన్" అని దిద్దాను. పిల్లల కాపీలు ముప్ఫై అయిదేళ్ళు దిద్దినవాడిని, నా కాపీ నేను దిద్దుకోవడానికి ఇంకొకరు చెప్పవలసి వచ్చింది. అయినా మొత్తం మీద గెలుపు ఒహాయోదేనని కింద గీత గీసి ఉంచాను.

మధ్యాహ్నం పన్నెండింటికి ఆట మొదలైంది. స్టేడియంలో లక్షకు పైగా జనం. వివరమంతా చెప్పి విసిగించను. మధ్య విరామానికి చెరి పది పాయింట్లు. ఒహాయో పదే పదే నట్టనడుమ నుంచే చొచ్చుకుపోవాలని చూసింది, ఆ ఇద్దరు కొండలూ కదలలేదు. పరుగుల మీద మిషిగన్ 172 గజాలు సంపాదిస్తే ఒహాయో 77 దగ్గర ఆగింది. హోవర్డ్ విసిరినవాటిలో రెండు దారిదోపిడికి గురయ్యాయి. ఒహాయో తన్నరి రెండుసార్లు గురి తప్పాడు, జ్వాడా 54 గజాల నుంచి కూడా తప్పలేదు. వారెన్ ఆట మొత్తంలో విసిరి సంపాదించినది 62 గజాలే, అదే సరిపోయింది. చివర్లో మల్లింగ్స్ 27 గజాలు దూసుకుపోయాడు. 45 సెకన్లు మిగిలి ఉండగా జ్వాడా తన్నిన బంతి స్తంభాల మధ్యనుంచి వెళ్ళింది. 13–10. మిషిగన్ గెలిచింది. ఆ తరువాత మిషిగన్ కుర్రవాళ్ళు తమ జెండాను మైదానం నడుమ పాతబోతే తోపులాటలు జరిగి, పోలీసులు మిరియపు ద్రావకం చల్లవలసి వచ్చింది.

మా అబ్బాయి టీవీ ఆపి, ఏమీ మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళి రాలిన ఆకులు ఊడవడం మొదలుపెట్టాడు. మనవడు నా పుస్తకం తీసుకుని, "తాతయ్యా, నువ్వు అయిదులో ఒకటి దిద్దావు, అదే కరెక్టు" అన్నాడు. ఆ దిద్దుబాటు నాకు సంతోషమివ్వలేదు. నాలుగు గంటలయింది. అయిదయింది. చీకటి పడింది. కోడలు అన్నం పెడతానంటే అబ్బాయి తరువాత అన్నాడు. నేను ఫోనును బల్లమీద బోర్లా పెట్టి, మళ్ళీ తిప్పి పెట్టి, ఇట్లా ఎన్నిసార్లు చేశానో.

ఏడు దాటాక నా ఫోను మోగింది. అమ్మాయి.

"నాన్నా, మందులు వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

"చలిగా ఉందా అక్కడ?"

"ఉంది."

కాసేపు ఆ వైపునుంచి మాట లేదు. నేనూ తొందరపెట్టలేదు. తరువాత, గొంతు తగ్గించి, "అన్నయ్య తిన్నాడా?" అన్నది.

"నువ్వే అడుగు" అని ఫోను తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టి, మనవణ్ణి వెంటబెట్టుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయాను. గోడ పల్చన, మాటలు వినబడతాయి. వాడు "లేదు" అన్నాడు. తరువాత చాలాసేపు ఏమీ వినబడలేదు. తరువాత వాడి గొంతు, "రెండు కిక్కులే, రెండూ తప్పాడు" అని. ఇంకాస్సేపటికి ముక్కు చీదుకున్న చప్పుడు. ఎనిమిది నిమిషాలో తొమ్మిది నిమిషాలో మాట్లాడుకున్నారు. ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు వాడు నా వైపు చూడలేదు. వంటింట్లోకి వెళ్ళి కంచం తీసుకున్నాడు.

ఆ ఓడిన ఒహాయో జట్టే 2025 జనవరి 20న నాటర్ డామ్‌ను 34–23తో ఓడించి జాతీయ విజేత అయింది. గోడ అతుకులతోనే నిలబడింది. మా పిల్లల తగవు పూర్తిగా తీరిందని మాత్రం నేను చెప్పను. ఆ రెండు నెలల సంగతి ఇద్దరూ ఇంకా నోటపట్టలేదు. బహుశా పట్టకపోవడమే మేలేమో. ఇల్లు కూడా ఒక్కోసారి అతుకులతోనే నిలుస్తుంది.

2025 నవంబరు 29న, ఆన్ ఆర్బర్‌లో మంచు కురుస్తూ ఉండగా, ఒహాయో 27–9తో గెలిచింది. అప్పటికి నేను జాలరిపేటలోనే ఉన్నాను. అర్ధరాత్రి దాటిపోయింది, నిద్ర పట్టక అరుగు మీద కూర్చున్నాను. దూరంగా పడవల దీపాలు. అబ్బాయి నాకు ఫోను చేసేసరికి మూడు కావస్తోంది.

"ఇంత ఆలస్యమేమిట్రా?" అన్నాను.

"చెల్లెలితో మాట్లాడుతున్నాను నాన్నా. తినలేదట. తినేదాకా పెట్టెయ్యలేదు" అన్నాడు.

లోపలికి వెళ్ళి ఆవిడ పటం దగ్గర దీపం ఒత్తి సవరించి పడుకున్నాను.

సెలవు.